గోవిందప్ప మూడో బిడ్డ

పుంగనూరు బస్టాండుకు దగ్గర్లో కాలిన మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఒకటుంది. నడిపేది నవనీత అనే పాతికేళ్ళ పిల్ల. మా సోమల వైపు బోర్లు లోతు, కరెంటు నిలకడగా రాదు. ఎండాకాలం వస్తే ఆ షాపు మెట్లెక్కక నాకు తప్పదు. పని గట్టిగా చేస్తుంది, మాట మాత్రం తక్కువ. బేరమాడితే, "ఇంకో షాపు ఉండాది గదప్పా, ఆడికి పో" అంటుంది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైంది. ఆమె కథ ఈ మధ్యే తెలిసింది. కొంత కళ్ళారా చూశాను, మిగిలింది తెలిసినవాళ్ళు చెప్పారు.

నవనీత పుట్టింది 2001లో. కన్నతండ్రి గోవిందప్పది నిమ్మనపల్లె మండలంలోని ఒక మెట్ట ఊరు. వేరుశనగ, టమాటా పండించే రైతు. అప్పటికే ఒక కూతురు, ఒక కొడుకు. సర్పంచి కావాలని ఆయన కోరిక. కోరికలో తప్పేం లేదు, కాకపోతే ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని అప్పట్లో చట్టం. ఎన్నికలు దగ్గరికొస్తున్నాయనగా భార్య రత్నమ్మకు మూడోసారి నెల తప్పింది. పిల్లల్ని తక్కువ కనాలని సర్కారు అనుకుంది. తక్కువ చూపిస్తే చాలని గోవిందప్ప అనుకున్నాడు.

రత్నమ్మ తమ్ముడు వెంకటప్పకు కుప్పంలో మోటార్ల షాపు ఉండేది. అతనికీ భార్య మునీశ్వరికీ పిల్లల్లేరు. కడుపు కనిపించకముందే రత్నమ్మను అక్కడికి పంపించేశారు. మరదలికి ఒంట్లో బాగలేదు, సాయంగా వెళ్ళిందని ఊళ్ళో చెప్పారు. కాన్పు ఆ ఇంట్లోనే అయింది. బిడ్డను వెంకటప్ప బిడ్డగా రాయించారు. నెల తిరక్కుండా రత్నమ్మ ఒట్టి చేతులతో ఊరికి తిరిగొచ్చింది. ఆ ఎన్నికల్లో గోవిందప్ప ఓడిపోయాడు.

ఓడినవాడు బిడ్డను తెచ్చుకోవచ్చు కదా అని మీరడుగుతారు. ఈ మధ్య పరిచయమయ్యాక నేనూ రత్నమ్మను అడిగాను. వచ్చేసారి ఉంది కదా అన్నాడట. ఆ వచ్చేసారి సీటు ఆడవాళ్ళకు పోయింది. అయితే నువ్వు నిలబడు అని రత్నమ్మను అడిగాడు. కాపురానికి వచ్చాక మొదటిసారి ఆమె మొగుడికి ఎదురు తిరిగింది.

"నాకు ఇద్దరే బిడ్డలని నా సేత్తో నేను సంతకం పెట్టను," అంది.

ఆయన మళ్ళీ వచ్చేసారి కోసం చూశాడు. అలా చూసేవాళ్ళకు వచ్చేసార్లు ఎప్పటికీ అయిపోవు.

కుప్పంలో పెరిగిన నవనీతకు వెంకటప్ప నాయన, మునీశ్వరి అమ్మ. రత్నమ్మ అత్త, గోవిందప్ప మామ, ఆయన కొడుకు లోకేష్ బావ. చిక్కు ఇక్కడే వచ్చింది. మేనత్త కొడుకు ఉండగా ఆడపిల్లకు సంబంధం వెతికే పనేముందనుకునే జనం మావాళ్ళు. "నీ మొగుడొచ్చినాడు సూడు" అని పక్కింటివాళ్ళు పసిపిల్లను ఆటపట్టిస్తుంటే కన్నాయనా పెంచినాయనా ఇద్దరూ నవ్వి ఊరుకునేవారట. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

పిల్ల పెద్దమనిషైనప్పుడు కుప్పంలో ఫంక్షన్ చేశారు. వరసైన బావ పిల్ల మీద పసుపునీళ్ళు చల్లడం అక్కడి సరదా. బయ్యమ్మ అనే ముసలావిడ చెంబు తెచ్చి లోకేష్ చేతిలో పెట్టింది.

"సల్లప్పా, సిగ్గు యాల? రేపు నీ పెండ్లామే గదా!"

లోకేష్‌కు ఏమీ తెలియదు. నవ్వుతూ చెంబు ఎత్తాడు. రత్నమ్మ ఆడవాళ్ళను తోసుకుంటూ వచ్చి కొడుకును చెంప మీద కొట్టింది. చెంబు దొర్లి పసుపునీళ్ళు చాపంతా పారాయి. మేనత్తకు ఈ సంబంధం ఇష్టం లేదు కాబోలని జనం గుసగుసలాడారు. నవనీత మాత్రం అత్త ముఖం చూసింది. మర్నాడు మునీశ్వరిని నిలదీస్తే, ఆమె ఏడ్చి ఉన్నదంతా చెప్పేసింది.

తెలిశాక కూడా నవనీత వరసలు మార్చలేదు. అత్తను అత్తా అనే, మామను మామా అనే పిలిచింది. నలుగురిలో వాళ్ళు కూతురా అన్న రోజు అమ్మా, నాయనా అని పలుకుదామని మనసులో పెట్టుకుంది. ఆమెకు తెలిసిందని తెలిసీ వాళ్ళు అనలేదు. మదనపల్లెలో డిప్లొమా చదివినన్నాళ్ళూ నిమ్మనపల్లె బస్సు ఆమె కళ్ళ ముందే తిరిగేది. ఎక్కలేదు. వెంకటప్ప దగ్గర పని నేర్చుకుని పుంగనూరులో సొంత షాపు పెట్టుకుంది.

2024లో ఆ చట్టం ఎత్తేశారు. జనాభా తగ్గిపోతోంది, ఇంకా పిల్లల్ని కనండి అనే మాటలు మొదలయ్యాయి. గోవిందప్పకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ పంచాయతీ ఎన్నికల మాట వినపడగానే తెల్లచొక్కా తొడుక్కుని పుంగనూరు షాపుకు వచ్చాడు.

"ఇంక దాసే పని లేదమ్మా. మన ఊరికి రా. నువ్వు నా మూడో బిడ్డవని అందరికీ సెప్తా. నా పక్కన నిలబడు, ఇంటింటికీ పోదాం."

నవనీత చేతిలో పని ఆపలేదట.

"ఎలక్షన్లు అయిపోనీ మామా. గెలిసినా ఓడినా, మరుసటి దినం వచ్చి పిలువు. వస్తా."

"అప్పుడు పిలిస్తే నాకేం లాభం?" అనేశాడు గోవిందప్ప. అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ, ఆ మాట వెనక్కి రాలేదు. బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయి, నీ బిడ్డకు పొగరెక్కువ అని భార్య మీద ఎగిరాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నేను మోటారు తీసుకుని షాపుకు వెళ్ళాను. ఇంకో ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. బల్ల చివర ఒకావిడ సంచి ఒళ్ళో పెట్టుకుని నవనీతనే చూస్తోంది. ఊరికే ఉండలేని నోరు నాది.

"యా ఊరమ్మా? నువ్వూ మోటారు తెచ్చినావా?"

"నిమ్మనపల్లె దిక్కప్పా. మోటారు కాదు, ఈ పిల్లను సూసేదానికి వచ్చినా. ఆడోళ్ళకు బస్సు దుడ్డు అక్కర్లేదు గదా ఇప్పుడు. యాడికి పోవాలన్నా మొగుణ్ణి అడుక్కునే పని తప్పింది."

"ఏమవుతాదమ్మా నీకు?"

నవనీత తలెత్తకుండా, "మా అత్తప్పా," అంది.

"అత్తను కాదు," అంది ఆవిడ. గొంతు గట్టిగానే ఉంది. "నేను కన్న బిడ్డ అది. పెంచింది నా తమ్ముని పెండ్లాము. మా ఆయన సర్పంచి కావాలని పురిట్లోనే ఇచ్చేసినాము. నోరు మూసుకుని ఉండింది నా తప్పే. నలుగురి ముందర ఈ మాట సెప్పేదానికే బస్సెక్కినా."

ఒక రైతు తల దించుకున్నాడు. నవనీత అప్పుడు కాయిల్ చుడుతోంది. ఆ పనిలో చుట్లు మనసులో లెక్కపెట్టుకుంటూ పోవాలి. బేరాలు తెగ్గొడుతూ, ఫోన్లు మాట్లాడుతూ కూడా ఆమె లెక్క తప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చెయ్యి ఆగిపోయింది. ఎక్కడిదాకా చుట్టిందో తెలియక తీగను అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత చుట్టినదంతా మెల్లగా విప్పేసింది.

"మీ మోటార్లు రేపిస్తానప్పా," అని మమ్మల్ని లేపింది. మేం మెట్లు దిగుతుంటే షట్టరు సగం దించింది.

"అన్నం తిన్నావా?" అని లోపల అడగడం వినిపించింది. అమ్మా అనలేదు. అత్తా అని కూడా అనలేదు.