రాజవ్వ బుగ్గ, రాజవ్వ ఎముక

వాన పడగానే, మేం బతుకుతెరువుకు వలస వచ్చిన ఈ ఉధ్నాలో మా గల్లీ మొదట్లో మక్కకంకులు కాల్చే వాసన లేస్తుంది. పక్కింటి కోడలు కరకర కొరుకుతుంటే నాకు రాజవ్వ గుర్తొస్తుంది. మూడో తరగతితో బడి మానిన నేను పనీ, బుద్ధీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అయినా ముప్పై ఏళ్లు ఆమె మీద అసూయతోనే బతికాను.

రాజవ్వవి బూరెబుగ్గలు. నాది ఎముకలు తేలిన మొహం. నేను ఒక పూట వండి రెండు పూటలు గడిపే రకం. ఆమె చేతికందింది తినేది, పదిమందికీ పెట్టేది. సాంచెల కార్ఖానాలో, అంటే మరమగ్గాల దగ్గర, ఇద్దరం పక్కపక్కన కూర్చుని దారం కండెలు చుట్టేవాళ్లం, తెగిన పోగులు అతికేవాళ్లం. మా ఆయన ఇంటికొచ్చి, "రాజవ్వక్క నవ్వితే కార్ఖానల లైటు ఏసినట్టే ఉంటదే" అనేవాడు. ఆ పూట ఆయన పళ్లెంలో కూర తగ్గేది.

పడుగులో, అంటే మగ్గం మీది నిలువు దారాల్లో, పోగు తెగితే అతకడానికి ఆ పడుగు దారమే కొంత పక్కన ఉంచడం మా పనిలో ఆనవాయితీ. ఊరికే పడి ఉందని ఒకసారి నేను దాన్ని ఇంటికి తెచ్చి బొంత కుట్టుకున్నాను. తెగిన పోగులకు వేరే దారం అతికాను. బట్ట తెల్లగా ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. రంగు వేశాక పొడవునా గీత తేలింది. సేఠ్ మండిపడుతూ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే రాజవ్వ లేచి, "నాదే తప్పు సేఠ్" అంది. ఆమె ముఖం చూసి ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను చెప్పి ఉంటే ఆ రోజే పని పోయేది. అది తెలిసి ఇంకా మండిపోయాను.

"ఏ పడుగుకు ఆ పడుగు దారమే అతకాలె, పోరీ. కంటికి ఒక్కతీరుగనే కొడ్తది. రంగుల ముంచినంక బయటపడ్తది" అని మాత్రం అంది. ఇంకెవరికీ చెప్పలేదు.

ముసలితనంలో ఆమె దవడలో గడ్డ పుట్టింది. గడ్డతోపాటు ఎముక కొంత తీసేశారు. అప్పటి నుంచి పలచటి జావే తిండి. ఆసుపత్రికి తోడుగా నేనే వెళ్లేదాన్ని. బుగ్గ లోపల చిన్న కోత పెట్టి చింతగింజంత కొవ్వు తీస్తామనీ, అందులోని మూలకణాలను పెంచి దవడ ఖాళీలో పెడితే ఎముక పుట్టవచ్చనీ డాక్టరమ్మ హిందీలో చెప్పింది. ఇంకా పరీక్షిస్తున్న వైద్యం, మాట ఇవ్వలేమంది.

"నా కొవ్వు పనికిరాదా?" అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు.

"నీ మొఖాన కొవ్వేడ ఉన్నదే?" అంటూ రాజవ్వ వంకర దవడతోనే నవ్వింది. "ఇదీ మన పనే గదా పోరీ. నా పోగు నాకే అతుకుతరట."

నేను తినకుండా దాచాను. ఆమె తిని దాచుకుంది. చివరికి ఆమె దాపే అక్కరకొచ్చింది. ఆ సంగతి నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ వైద్యం చేసిన కొన్ని నెలల తరవాత ఎక్స్‌రేలో నల్లగా ఉన్న చోట తెల్లగా మసక తేలింది, ఎముక పుట్టిందన్నమాట. ఆమె కొడుకు ఏడ్చాడు. గల్లీ మలుపులో రాజవ్వ కంకి కొని, నెమ్మదిగా, భయపడుతూ కొరికింది. నా నోరు ఆగలేదు.

"అక్కా, అది అతకొద్దని ఒక్క దినం అనుకున్న."

ఆమె నములుతూనే నా వైపు చూసింది. "ఒక్క దినమేనా? నీ పొదుపు పాడుగాను! కుళ్లుకునుడు గుడ పొదుపేనా?" కంకి విరిచి పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.

పోయినేడు రాజవ్వ జ్వరంతో పోయింది. తాపీ నదిలో కలపడానికి కొడుకు అస్థికలు తెచ్చినప్పుడు కుండలోకి తొంగి చూశాను. దవడ ముక్కను పోల్చుకున్నాను. బూడిద తుడిచి, కండె మీద ముడి వెతికినట్టు వేలితో తడిమాను. పుట్టుకతో వచ్చింది ఎంతవరకో, బుగ్గలోంచి వచ్చింది ఎక్కడి నుంచో తేలలేదు. గీత లేదు.

ఆమె నాకూ అతుకు వేసింది. దారం మాత్రం నాది కాదు, ఆమెది. అందుకే ఈ కంకుల వాసన వచ్చిన ప్రతిసారీ నాలో గీత తేలుతుంది. ఇప్పటికీ కుళ్లుకుంటున్నాను. కంకి కొంటే మాత్రం విరిచి, పెద్ద ముక్క పక్కింటి కోడలికిస్తాను.