నయాపూల్ కాడ దిగిన ఆటో

మొన్న సోమవారం నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, నవ్వుకోండ్రి. కాని ఆఖరుకు మంచే జరిగింది, అది గూడ ఇనాలె.

నాకు ఇప్పుడు మూడో నెల. మా బస్తీ జహనుమాలనే ఓ డాక్టర్ మేడం ఉన్నది, ఆమెకు చూపించుకుందామని మా ఆయన శేఖర్ ఒకటే చెప్పిండు. నేనెందుకు ఇంట? ఫోన్ల రేటింగ్ చూసి మూసీ అవుతల ఓ పెద్ద హాస్పిటల్ పట్టిన. ఏసీ హాలు, మెత్తటి సోఫాలు. అక్కడి డాక్టర్ ఎట్లుంటదో మాత్రం నాకు తెల్వదు.

స్కానింగుకు లీటరు నీళ్లు తాగి రావాలె, బాత్రూంకు పోవద్దని ఫోన్ల చెప్పిండ్రు. తక్కువైతే వాపస్ పంపుతరేమోనని నేను రెండు లీటర్లు తాగిన.

మూసీ మీది నయాపూల్ బ్రిడ్జి కాడ ట్రాఫిక్ జాం. ఆటో అడుగు గూడ కదలట్లే. ఇంజన్ గడగడకే నా పానం పోతున్నది. పావుగంట ఓర్చుకున్న, ఇగ నాతోని కాలే. ఆటో దిగి కనవడ్డ గల్లీల జొర్రిన. నా ఫైలు పట్టుకొని శేఖర్ ఎనకనే ఉరికిండు.

ఓ ఇంటి గడప మీద పెద్దామె బియ్యం ఏరుకుంటున్నది. "ఖాలా" అని, చిన్నమ్మను పిలిచినట్టు పిలిచి, పొట్ట పట్టుకున్న. ఆమె నా మొహం చూసింది, పొట్ట మీదున్న చెయ్యి చూసింది. చాట పక్కకు పెట్టి, నన్ను లోపలికి తీస్కపోయి బాత్రూం తలుపు దబదబ కొట్టింది. సగం గడ్డానికి నురగతోని వాళ్లాయన బయటికొచ్చిండు. పాపం, పక్కకు జరిగిండు.

తర్వాత కూసోవెట్టి చాయ్ ఇచ్చింది. ఎక్కడికని అడిగితే అంత చెప్పిన. ఉర్దూల మెల్లగ అడిగింది.

"నొప్పులొస్తే గూడ గీ తొవ్వలనే పోతవా, బేటీ?"

నొప్పులతోని ఆ ట్రాఫిక్‌ల కూసున్నట్టు అనుకొని, ఇగ ఆ హాస్పిటల్ వద్దని శేఖర్‌కు చెప్పిన. స్కానింగు కోసం తాగిన నీళ్లు గూడ వాళ్లింట్లనే పాయె. ఇంటికి వాపస్ వచ్చినం.

సాయంత్రం మా జహనుమా మేడం దగ్గరికి నడుసుకుంటనే పోయినం. ఆమె తొందర లేకుండ అన్ని అడిగింది. ఏం తింటున్న, నిద్ర పడ్తున్నదా, ఏమన్న భయముందా అని. ఆ భయం మాటకే నాకు ఏడుపొచ్చింది. ఎప్పుడైనా ఫోన్ చెయ్యమని తన నంబర్ రాసిచ్చింది. ఆ ఖాలాకు మనసులనే దండం పెట్టుకున్న.

లేవబోతుంటే, తన దగ్గరికి పొమ్మని ఎవరు చెప్పిండ్రని మేడం అడిగింది. శేఖర్ కాలర్ సదురుకున్నడు. నేను "నయాపూల్ ఖాలా" అన్న. "ఆమె గూడ నా పేషెంటేనా?" అన్నది మేడం.

"కాదు మేడం, నేనే వాళ్ల బాత్రూంకు పేషెంటును."