కల్లం మీద చల్లిన నీళ్ళు

నేను రసాయనశాస్త్రం చదివినవాణ్ణి. దర్శికి కొంత దూరంలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. ఒక విద్యా సంవత్సరం మధ్యలో మా తెలుగు మాస్టారికి బదిలీ అయింది. ఆయన స్థానంలో ఎవరూ రాకపోవడంతో తొమ్మిదో తరగతికి నాటక రచన పాఠం చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. నాటకం గురించి నాకు తెలిసింది తక్కువ. అందువల్ల తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. బోర్డు మీద కాలాన్ని అడ్డంగా, ఉద్రిక్తతను నిలువుగా తీసుకుని ఒక గ్రాఫు గీశాను. ఇద్దరికి రెండు కోరికలుండి, ఒకటి నెరవేరితే రెండోది నెరవేరే వీలు లేకపోతే అది సంఘర్షణ అని నిర్వచించాను.

"మా ఇంట్లో టీవీ రిమోట్ దగ్గర రోజూ అదే సార్" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు.

"మరి పతాక సన్నివేశం ఎప్పుడు?"

"కరెంటు పోయినప్పుడు సార్."

అందరూ నవ్వారు. పాఠం అర్థమైందని సంతోషించి, ఇంట్లో కళ్ళారా చూసిన విషయం మీద ఒక సన్నివేశం రాసి తెమ్మన్నాను.

వచ్చిన వాటిలో ఒక అమ్మాయి రాసినది వేరుగా ఉంది. అందులో మిర్చి పండించే తండ్రి తెల్లవారుజామున కల్లంలో ఆరబోసిన కాయల మీద నీళ్ళు చల్లుతాడు. బరువు పెరగాలని అతని ఆశ. సాయంత్రం కొనేవాడు వస్తాడు. బేరం కుదిరే క్షణంలో కూతురు ముందుకొచ్చి నీళ్ళ సంగతి చెప్పేస్తుంది. మాటలు పొదుపుగా, పదునుగా ఉన్నాయి. ఏ మాటనైనా పరీక్షించకుండా ఒప్పుకోకపోవడం నాకు అలవాటు. దానికి తగినట్టే ఎర్ర సిరాతో ఇలా రాశాను: "తండ్రి పాత్ర సహజం. కానీ ఏ కూతురూ కొనేవాడి ముందు ఇలా చెప్పదు. నమ్మశక్యంగా లేదు. రుజువు ఏది?"

నాలుగు రోజుల తర్వాత, ప్రార్థన కాగానే, ఆమె ఆ నోటుపుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నా రాత కింద నీలి సిరాతో ఒక వాక్యం ఉంది: "నిన్న సాయంత్రం చెప్పాను. అందరూ విన్నారు."

"ఇప్పుడు నమ్ముతారా సార్?" అని అడిగింది.

ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను.

"కొనేవాడు ఏమన్నాడు?"

"బేరం వదిలేసి వెళ్ళిపోయాడు సార్."

"మీ నాన్న?"

"కాయల మీద పట్టా కప్పాడు సార్."

మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు. మూడు రోజులు చూశాను. తండ్రి చదువు మాన్పించాడన్న నిర్ణయానికి వచ్చి, ఆదివారం ఉదయం బండి తీసుకుని వాళ్ళ ఊరు బయలుదేరాను. బాలల హక్కుల గురించీ పబ్లిక్ పరీక్షల గురించీ ఏమేం చెప్పాలో దారి పొడవునా కూర్చుకున్నాను. నేను అంతవరకు చూడనైనా చూడని ఆ మనిషిని ఎదుర్కోవడానికి సర్వం సిద్ధం చేసుకున్నాను.

కల్లంలో పట్టాల మీద కాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక పక్క పందిరి నీడలో ఆడవాళ్ళు కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. వాళ్ళ మధ్య ముక్కుకి చున్నీ కట్టుకుని ఆ అమ్మాయి కూడా ఉంది. నన్ను చూసి తల వంచుకుంది.

"ఈయనేనా నాటకం సారు?" అంది ఒకామె.

"నోరు అదుపులో పెట్టుకోవే. మన మీదా రాయిస్తాడు" అంది పక్కనున్న ఇంకొకామె.

తండ్రి వచ్చి నమస్కారం పెట్టి, మడత పెట్టిన గోతాల మీద కూర్చోమన్నాడు. నేను కూర్చోకుండానే నా ప్రసంగం మొదలుపెట్టాను. అతను సగం దాకా ఓపికగా విన్నాడు.

"నేనెందుకు ఆపుతానండీ? ఆ పిల్లే రానంటంది. మొన్నటి నుంచీ చెప్తన్నా, వినదు. బళ్ళో అందరికీ తెలిసిపోయుంటది, మొహం ఎట్టా చూపించాలి అంటంది."

నీళ్ళు చల్లిన మాట నిజమేనా అని అడిగాను.

"చల్లానండి" అన్నాడు.

తర్వాత పట్టా మీది నుంచి ఒక కాయ తీసి నా అరచేతిలో పెట్టి, తన చేత్తో నా వేళ్ళు మూశాడు. కాయ పెళపెళమని నలిగి గింజలు కిందికి రాలాయి. నీళ్ళు చల్లి పట్టా కప్పి ఉంచిన మరో రాశిలోంచి ఇంకో కాయ ఇచ్చాడు. అది ముడుచుకుంది కాని విరగలేదు.

"టిక్కీలో, అంటే గోనెసంచిలో, కాళ్ళతో తొక్కి నింపుతారండి. కాస్త తడి తగలకపోతే సంచిలో ఉండేది కాయ కాదు, పొడి. ఎక్కువైతే బూజు పట్టుద్ది, అదీ మాకే నష్టం. చేత్తో చూసుకుని చల్లుతాం. ఇక్కడ అందరం చల్లుతాం."

"కొనేవాడికి ఈ సంగతి తెలియదా?"

ఆడవాళ్ళు నవ్వారు. "ఆయన సొంత చేలో కాయలకీ ఇంతేనండి" అన్నాడు తండ్రి. "ఇంట్లో పిల్ల నోటి నుంచే వచ్చింది గదా. రేటు దించడానికి ఓ మాట దొరికింది, అందుకే వదిలేసి పోయాడు."

ఎండిన పదార్థం తేమ పీల్చుకుని మెత్తబడటం ఎనిమిదో తరగతి పిల్లలకు నేనే చెబుతాను. అయినా నీళ్ళు ఎందుకు చల్లుతారన్న ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు. కూతురి ధైర్యానికి రుజువు అడిగాను, తండ్రి నేరానికి అడగలేదు. నాటకానికి ఒక దోషి కావాలి కనుక కాగితం మీద కనబడినవాణ్ణి ఒప్పేసుకున్నాను. ఆ రోజు అతను చల్లిన నీళ్ళు అవసరానికి మించాయా లేదా అన్నది ఇన్ని రోజుల తర్వాత ఏ పరీక్షా తేల్చలేదు. తేల్చలేనిదాన్ని నేను 'సహజం' అన్నాను.

వెళ్ళి ఆ అమ్మాయి ఎదుట పట్టా అంచున కూర్చున్నాను. తప్పు నాదేనని అందరూ వినేటట్టు చెప్పాను.

"చెప్పింది నేను కదా సార్" అంది, చేతిలో పని ఆపకుండా. "బరువు కోసమే చల్లుతారనుకున్నా. ఎప్పుడూ అడగలేదు."

తండ్రి ఆమె బడి సంచిలోంచి ఆ నోటుపుస్తకం తెచ్చాడు. అట్ట మీద కారం మరకలున్నాయి.

"రెండుసార్లు చదివానండి" అన్నాడు. "బాగా రాసింది. చదువుతుంటే ఆ తండ్రి మీద నాకే కోపమొచ్చింది."

కాయలు ఏరే చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒకామె నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అతని మొహం వైపు చూసే ధైర్యం లేకపోయింది. అతను వెటకారంగా అనలేదు.

అమ్మాయి చున్నీ కిందికి లాగి, "ఆ తండ్రి సంగతి నాకు సరిగ్గా తెలీదు నాన్నా" అంది చాలా మెల్లగా.

"తెలుసుకుని మళ్ళీ రాయి. ముందు బడికి పో. ఇక్కడ ఏరడానికి మనుషులున్నారు."

ఆమె చేతిలో ఉన్న కాయల్ని తాలు కుప్పలోకీ మంచి కుప్పలోకీ వేరు చేసి, లేచి చేతులు దులుపుకుంది.

"రేపు వస్తాను సార్."

సోమవారం మొదటి పీరియడ్‌కి వచ్చి తన చోట కూర్చుంది. తరగతిలో ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. కాయలకు మాత్రం ఆ వారమంతా మరో బేరం రాలేదు. ఆ మాట ఆమె నాతో చెప్పలేదు. శనివారం మళ్ళీ నేనే వెళ్ళి తెలుసుకున్నాను.