గడిలో పట్టిన మాట

తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో సోషల్ వర్క్ చెప్పే శోభారాణి రోజూ బోర్డు మీద ఒక మనిషి పేరు రాసి, చుట్టూ బాణాలు గీస్తుంది. సుద్దపొడి అంటిన వేళ్ళను చీర చెంగుకు తుడుచుకుంటూ, "ఒక కష్టానికి ఒక్కటే కారణం ఉండదర్రా. అన్నీ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. సంక్లిష్టతా సిద్ధాంతమంటే ఇదే" అంటుంది. మొన్న ఆమె విద్యార్థిని తరన్నుమ్ రేపల్లె దగ్గర ఒక పల్లెకు వెళ్ళి, టీబీ మందులు మానేసిన ఒకామె గురించి రిపోర్టు రాసుకొచ్చింది. ఆ ఊరి బస్సు ఆగిపోయింది. ఆస్పత్రికి నడిచి వెళ్తే రొయ్యల షెడ్డులో ఆ పూట పని పోతుంది. పని పోతే తిండి ఉండదు. ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే వాంతి. పేజీ నిండా బాణాలు చూసి శోభారాణి మురిసిపోయింది.

ప్రిన్సిపాల్ మాత్రం వక్కపొడి నములుతూ, "తనిఖీకొచ్చేవాళ్ళకి ఇదంతా ఎందుకండి? ఫారంలో కారణం అని ఉన్న గడిలో నిర్లక్ష్యం అని రాయించండి" అన్నాడు. ఆయన నోటి తుంపర కాగితం మీద పడింది. ఒళ్ళు జలదరించినా ఆమె తలూపింది.

"మరి క్లాసులో చెప్పిందేంటండి మేడమ్?" అంది తరన్నుమ్, గడిలో ఏం రాయాలో ఆమె చెప్పగానే.

"అది పరీక్షకమ్మా."

ఆ మాట అన్న నోటిని కడుక్కోవాలనిపించి శోభారాణి లేచింది. కుళాయి దగ్గర రెండుసార్లు పుక్కిలించి వచ్చేసరికి, తరన్నుమ్ కొత్త ఫారం గడిలో గుండ్రటి అక్షరాలతో 'నిర్లక్ష్యం' అని రాసి సిద్ధంగా ఉంచింది.

"సరిపోద్దా మేడమ్?"

శోభారాణి ఆ పిల్ల ముఖం చూడకుండా సంతకం పెట్టింది.