అద్దాల బీరువాలో నిఘంటువు

నేటి సాహిత్య విమర్శలో వాడే పదాలకు తెలుగులో ఒక నిఘంటువు రాయడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. సిరిసిల్లలో బాపు బట్ట నేసే సాంచాలు (మరమగ్గాలు) నడుపుతుంటే, ఆ చప్పుడులోనే పక్క గదిలో కూర్చుని రాశాను.

"గిదంత ఎవలు సదువుతరు బిడ్డా?" అని ఒకసారి అడిగాడు.

"ఎవలు సదువరు బాపూ, అక్కరపడ్డప్పుడు తీసి చూసుకుంటరు," అన్నాను.

అచ్చయ్యాక ఒక ప్రతిని కోరుట్లలో నేను చదువుకున్న కాలేజీకి ఇచ్చాను. లైబ్రేరియన్ దాన్ని నవలల పక్కన పెట్టబోతే నాకు ఒళ్లు మండింది. "రెఫరెన్స్, ఇంటికి ఇవ్వరాదు" అని దగ్గరుండి ముద్ర కొట్టించాను. ఎవరైనా పాడుచేస్తారని అద్దాల బీరువాలో పెట్టించి తాళం కూడా వేయించాను.

పోయిన నెల జగిత్యాలలో ఎంఏ చదివే ఒకమ్మాయి ఆ పుస్తకం కావాలని ఫోన్ చేసింది. నా దగ్గర ఒక్క ప్రతీ మిగల్లేదు. అచ్చువేసిన ప్రెస్సు మూతపడింది. ఇద్దరం కలిసి కోరుట్ల వెళ్లాం.

కొత్త లైబ్రేరియన్ గుత్తిలోని తాళంచెవులన్నీ తిప్పితిప్పి బీరువా తెరిచాడు. పుస్తకం ఇచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. సరిగ్గా కోయని రెండు పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

అమ్మాయి చేయి చాపింది.

"ఇంటికియ్యరాదమ్మా, ముద్రున్నది," అన్నాడాయన. ఆ ముద్ర కొట్టించింది నేనే.

"మొదట్ల పోరగాండ్లు మస్తుమంది అడిగేటోల్లట మేడం," అన్నాడు నా వైపు తిరిగి. "తాళం జూసి జూసి అడుగుడే బంద్ జేసిన్రట."