నేనొక్కదాన్నే అటెండింగ్

నాకు అనుమానం పుట్టింటి నుంచి వచ్చింది. మాది కైకలూరు అవతల, కొల్లేటి అంచున ఉన్న ఊరు. చేపల చెరువులున్న ఇంట్లో అనుమానపడటం దుర్గుణం కాదు, కాపలా పని. పొద్దువాలాక గట్టు మీద మోటారు సైకిలు ఆగిందంటే మా నాన్నగారు టార్చి వేసి, "ఎవరండీ అది? ఏం పని మీదొచ్చారండీ?" అని చాలా మర్యాదగా అడిగేవారు. రెండో చేతిలో కర్ర ఉండేది. ఎవరైనా కడుపుమంటతో చెరువులో మందు కలిపితే ఏడాది కష్టమంతా తెల్లారేసరికి నీటి మీద తేలుతుంది మరి. నేను కాపురానికి ఏలూరు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ టార్చి నా చేతిలోనే ఉంది. కొత్తగా నవ్వుతూ పలకరించేవాళ్ళెవరినైనా ముందు దాని వెలుతురులోనే చూస్తాను.

అందుకే మా స్కూలు కరస్పాండెంటు గారు ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి టీ తెప్పించినప్పుడే ఏదో ఉందనుకున్నాను. ఆ ప్రైవేటు స్కూల్లో నేను చాలా ఏళ్ళుగా పదో తరగతికి బయాలజీ చెబుతున్నాను.

"ఏమీ అనుకోకండి మేడమ్. తనిఖీలు గట్టిగా ఉన్నాయండీ. బీఎడ్ లేనివాళ్ళని హైస్కూలు క్లాసులకి పెట్టకూడదంటున్నారు. మీరు వెళ్ళి బీఎడ్ చేసేసి రండి. మీ క్లాసు మీకు ఉంచుతాం."

నా స్థానంలో ఆయన బావమరిది కూతురిని పెట్టుకోడానికే ఈ నాటకమని నిశ్చయించుకున్నాను. నలుగురినీ ఆరా తీశాను. బావమరిదికి కూతురే లేదు. నిబంధన మాత్రం నిజంగానే ఉంది. గవర్నమెంటు ఉద్యోగానికి వెళ్దామన్నా టెట్ రాయాలి, డీఎస్సీ రాయాలి, ఆ రెండూ ముందు బీఎడ్ ఉందా అని అడుగుతాయి. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. నాకు చేతనైన పని ఒక్కటే, పిల్లలకి బయాలజీ చెప్పడం. ఆ కాగితం లేకపోతే అది పోతుంది.

సరే, నా కంటే చాలా చిన్నపిల్లల మధ్య కూచుని ప్రవేశపరీక్ష రాశాను. అంతకుముందు డిగ్రీలో సగం మార్కులు దాటాయో లేదో, దాటకపోతే పరీక్ష రాయనివ్వరు కదా అని, పాత మెమోలు ముందేసుకుని మళ్ళీ మళ్ళీ కూడి చూసుకున్నాను. డిగ్రీలో చదివిన సబ్జెక్టుని బట్టే ఏ మెథడాలజీ ఇవ్వాలో, అంటే రేపు ఏ సబ్జెక్టు టీచరు కావచ్చో, తేలుస్తారు. నాది బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కాబట్టి బయలాజికల్ సైన్సు ఇచ్చారు. ర్యాంకు బాగా వచ్చింది. బాగా వచ్చింది కాబట్టి అది నాదేనా అని హాల్‌టికెట్టు నంబరుతో సరిచూసుకున్నాను. కౌన్సెలింగులో తాడేపల్లిగూడెం వైపు ఒక కాలేజీలో సీటు పడింది.

సర్టిఫికెట్లన్నీ సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఏలూరులో పాసింజరెక్కాను. కాలేజీ ఆఫీసులో ఉన్న గుమాస్తా గారు చెయ్యి చాచారు.

"ఒరిజినల్సు ఇక్కడే ఉంచాలమ్మా. కోర్సయ్యాక తీసుకుందురుగాని."

"రసీదు ఇస్తారాండీ?"

"రసీదు ఎవరూ అడగరండీ."

"నేనడుగుతున్నాను కదండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఒక తెల్లకాగితం మీద రాసిచ్చారు. స్టాంపు వెయ్యమన్నాను. స్టాంపు దొరికింది గాని ప్యాడు ఎండిపోయింది. దాని మీద మంచినీళ్ళు చిలకరించి, గట్టిగా ఒత్తి, కాగితం నా వైపు తోస్తూ గొంతు తగ్గించి అడిగారు.

"ఇంతకీ మీరు అటెండింగా, నాన్-అటెండింగా అండీ?"

నాకు అర్థం కాలేదు. ఆయనే ఓపిగ్గా చెప్పారు. అటెండింగ్ అంటే క్లాసులకి వచ్చేవాళ్ళు. నాన్-అటెండింగ్ అంటే చేరిన రోజూ పరీక్షల రోజులూ తప్ప రానివాళ్ళు. హాజరు కాలేజీయే చూసుకుంటుంది, రికార్డులు రాసిపెట్టేవాళ్ళున్నారు. అందరూ రెండోదేనట. చట్నీ కావాలా సాంబారు కావాలా అన్నట్టు అడిగారు.

"అటెండింగేనండీ" అన్నాను.

నేను పెద్ద నీతిమంతురాలినని అలా అనలేదు. రాకుండానే హాజరు వేస్తామనేవాళ్ళ మాటలో మెలిక ఉండి తీరుతుంది. ఎప్పుడో ఎవరో ఫిర్యాదు చేస్తే, ఫలానావాళ్ళు క్లాసులకే రాలేదని తేలితే, సర్టిఫికెట్టు చెల్లదంటే? అప్పుడు ఈ గుమాస్తా గారు నాకు ముఖమైనా చూపిస్తారా? మా ఆయన మాత్రం, "లోకమంతా వెళ్ళని చోటికి నువ్వొక్కదానివీ ఎందుకే" అన్నారు. లోకం వెళ్ళడం లేదు కాబట్టే అన్నాను.

మర్నాడు క్లాసుకి వెళితే గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి కోసం గుమాస్తా గారు ఎవరికో ఫోను చేశారు. ఫోనులో ఆయనన్న మాట నాకు వినిపించింది. "ఒకావిడ వచ్చేసిందండీ. ఏమో, రోజూ వస్తానంటోంది. నాకైతే తేడాగానే ఉంది."

అప్పుడు వచ్చారు సైకాలజీ చెప్పే మాష్టారు. రిటైరయ్యాక ఇక్కడ చేరిన పెద్దాయన. ఖాళీ బెంచీల మధ్య నన్నొక్కదాన్నే చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. తలుపులూ కిటికీలూ బార్లా తీయించారు. పుస్తకం తెరిచి, ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాటైనా సొంతంగా కలపకుండా చదివారు. నేనేదైనా రికార్డు చేస్తున్నానేమోనని బల్ల మీది నా ఫోను వైపే చూస్తున్నారు. ఆయన ఫోనుని ఎందుకు చూస్తున్నారోనని నేను ఆయన్ని చూస్తున్నాను. నేర్చుకోవడంలో ప్రేరణ పాత్ర అనే పాఠం ఆ విధంగా పూర్తయింది.

కొన్నాళ్ళకి కాలేజీలో నా గురించి రకరకాలుగా అనుకుంటున్నారని తెలిసింది. పేపరువాళ్ళ మనిషినట. కాదు, యూనివర్సిటీ పంపిన మనిషినట. కాదు, పక్క కాలేజీ వాళ్ళు పెట్టిన వేగునట. పెంటపాడు నుంచి మాష్టారు రోజూ స్కూటరు మీద వచ్చేవారు. వానాకాలంలో దమ్ము చేలల్లోంచి చిందిన బురద పంచె అంచున అలాగే ఉండేది. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశారు.

"అమ్మా, పెద్దవాణ్ణి, ఏమీ అనుకోకు. నిజం చెప్పు. నువ్వెందుకొస్తున్నావు?"

"పాఠం వినడానికండీ."

"అది సరేనమ్మా. అసలు సంగతేంటి?"

అసలు సంగతి అంతే అంటే ఆయన నమ్మలేదు. కానీ ఆ తరవాత పుస్తకం మూసేసి చెప్పడం మొదలుపెట్టారు. బాగా చెప్పేవారు. అంత బాగా చెప్పే మనిషి ఇన్నేళ్ళూ ఖాళీ గదిలో ఎలా ఉన్నారోనని నాకు జాలేసింది. నా చేత ఏదైనా పని చేయించుకోడానికే ఇంత బాగా చెబుతున్నారేమో అని కూడా అనిపించింది. ఆయన ఏ పనీ అడగలేదు.

ఆ తరవాత ఇంటర్న్‌షిప్పు. ట్రైనీలు కొన్ని నెలలు ఏదైనా బడిలో పాఠాలు చెప్పాలి. ఆ బడి హెడ్మాస్టరు సంతకం పెట్టిన సర్టిఫికెట్టు ఉండాలి. చివర్లో బయటినుంచి ఒక ఎగ్జామినరు వచ్చి, వెనక కూచుని, పాఠం చూసి మార్కులు వేస్తారు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా బీఎడ్ లేదు. నాకు గుండుగొలను దాటి లోపలికి వెళ్ళే దారిలో ఒక హైస్కూలు వచ్చింది. చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళ పిల్లలు, చేపలకి మేత సంచులు కట్టేవాళ్ళ పిల్లలు ఎక్కువ. నా చిన్నప్పటి క్లాసులోకి మళ్ళీ వెళ్ళినట్టుంది.

హెడ్మాస్టరు గారు మొదటి రోజే పెన్ను మూత తీసి, "ఎక్కడ పెట్టాలండీ సంతకం?" అన్నారు. వాళ్ళ బడికి వచ్చిన ట్రైనీలందరూ మొదటి రోజూ చివరి రోజూ తప్ప కనపడలేదట. నేను రోజూ వస్తానంటే ఆయన పెన్ను మూత పెట్టేశారు. టీచర్లంతా ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకునే రోజులు ఇవి. ఎవరూ చూడకపోయినా వచ్చే మనిషంటే ఎవరికైనా దడే. ఆ వారమంతా మధ్యాహ్న భోజనంలో పప్పు చిక్కబడింది. వంటమ్మాయి నా కంచంలో ఎగస్ట్రా గుడ్డు వేసి, "సరిపోయిందాండీ? ఎవరికైనా చెప్పాలా?" అంది.

తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద ఒక అమ్మాయి ఉండేది. ఏమడిగినా తల దించేసేది. తెలియకపోతే తెలియదని చెప్పవచ్చమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా నోరు విప్పేది కాదు. నేను పోరాడగా పోరాడగా, ఇంటర్న్‌షిప్పు ముగిసే ముందు ఒక్కసారి, "తెలీదండీ" అంది. ఆ రోజు నాకు పండగలా ఉంది.

చివరి పాఠం ముందు మాష్టారు ఫోను చేసి ఒక మాట చెవిలో వేశారు. "రేపు చెప్పే పాఠం ఇవాళే ఒకసారి చెప్పెయ్యమ్మా. పిల్లలు టకటకా చెబుతారు. అందరూ అలాగే చేస్తారు." నేను చెయ్యలేదు. ముందే నేర్పిన జవాబుల్ని పట్టుకోవడం ఎంతసేపు! వచ్చే ఎగ్జామినరు కూడా నాలాంటి మనిషైతే?

నాలాంటి మనిషే వచ్చారు. కళ్ళజోడు పైనుంచి చూసే ఆవిడ. పాఠం చేపలు ఊపిరి తీసుకునే విధానం. కైకలూరు నుంచి మా అన్నయ్య చేత తెప్పించిన శీలావతి చేపని స్టీలు పళ్ళెంలో పెట్టుకుని మొదటి ప్రశ్న అడిగాను. క్లాసు మొత్తం చేతులెత్తింది. ఒక్కరు మిగలకుండా! నా క్లాసు నాకు తెలుసు. వాళ్ళలో సగం మందికి ఆ జవాబు రాదు. వెనక బెంచీ అమ్మాయి చెయ్యి అందరికంటే ఎత్తున ఉంది.

ఎగ్జామినరు లేచారు. నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "నువ్వు చెప్పమ్మా" అన్నారు.

ఆ అమ్మాయి లేచి, ఎంతో బుద్ధిగా, "నాది ఎడం చెయ్యండీ" అంది.

ఆ మాటకి అర్థమేమిటో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. బళ్ళకి ఎవరైనా తనిఖీకి వచ్చినప్పుడు పిల్లలకి నేర్పే పాత చిట్కా అది. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తాలి. చూసేవాళ్ళకి క్లాసంతా చేతులే, టీచరు మాత్రం కుడి చేతుల్నే అడుగుతుంది. ముందురోజు సాయంత్రం నేను వెళ్ళిపోయాక హెడ్మాస్టరు గారు బడి పరువు కోసం, నాకూ మేలు చేసినట్టుంటుందని, పిల్లలకి ఇది నేర్పారని తరవాత తెలిసింది. నాకు చెబితే ఒప్పుకోనని చెప్పలేదట. కిటికీ అవతల ఆయన ముఖం పాలిపోయి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ వచ్చినదాన్ని నేను. అసలు రానివాళ్ళు హాయిగా గట్టెక్కుతారు, దొంగతనం నా క్లాసులో దొరికింది! నేను చేయించలేదంటే ఆవిడ నమ్ముతారా? నేనైతే నమ్మను.

"అందరూ చేతులు దించండి" అన్నాను. "ఇవాళ చేతులు లేవు. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలీదనండి."

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ అమ్మాయిని ముందుకి పిలిచి చేపని చేతికిచ్చాను. మొప్ప మీది మూత తనే ఎత్తింది. లోపల ఎర్రగా ఉంది. ఎందుకెర్రగా ఉందంటే "తాజా చేప గనకండీ" అంది. తాజాగా ఉంటే ఎరుపెందుకు అంటే, "తెలీదండీ" అంది, గట్టిగా, తల దించకుండా. అప్పుడు చెప్పాను, అక్కడ నెత్తురు నీళ్ళకి ఎంత దగ్గరగా పారుతుందో, నీళ్ళలోని ప్రాణవాయువుని ఎలా అందుకుంటుందో. తెల్లవారుజామున చెరువు నీళ్ళలో గాలి తగ్గితే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి కదా, అదెందుకో ఇప్పుడు ఎవరైనా చెబుతారా అన్నాను. ఒకరిద్దరు చెప్పారు. ఆ అమ్మాయి చెప్పలేదు, చేపనే చూస్తోంది. గంట కొట్టారు.

ఎగ్జామినరు తన కాగితం మీద ఏదో రాసుకున్నారు. హెడ్మాస్టరు గారి గదిలో కాలేజీవాళ్ళు ఏర్పాటు చేసిన భోజనం చేసి, కారెక్కారు. ఆవిడ ఏం రాసుకున్నారో నాకు కనపడలేదు.

ఫలితాలొచ్చాయి. పాసయ్యాను. మా బ్యాచి వాట్సాప్ గ్రూపులో అందరూ తమ మార్కులు పెట్టారు. టీచింగ్ ప్రాక్టికల్స్‌లో నా మార్కులూ, బడికి మొదటి రోజూ చివరి రోజూ మాత్రమే వెళ్ళినవాళ్ళ మార్కులూ ఒకటే. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నా మార్కులు ఆవిడ నా పాఠం చూసి వేసినవా, లేక ఆ భోజనం బల్ల దగ్గర అందరికీ కలిపి వేసినవా? అందరి మీదా వేసిన టార్చి తిరిగి తిరిగి నా సర్టిఫికెట్టు మీదే పడింది.

ఒరిజినల్సు తెచ్చుకోడానికి వెళ్ళి రసీదు చూపించాను. గుమాస్తా గారు ఆ రసీదుని గుర్తుపట్టి, కాగితాలన్నీ ఇచ్చి, చుట్టూ చూసి, "అయిపోయింది కదండీ, ఇప్పుడైనా చెప్పండి. మిమ్మల్ని ఎవరు పంపారు?" అన్నారు.

"ఎవరూ పంపలేదండీ. నేనే వచ్చాను."

"అలాగేనండీ" అన్నారాయన. ఒక్క ముక్క నమ్మలేదు.

కరస్పాండెంటు గారు మాట నిలబెట్టుకున్నారు. నా పదో తరగతి నాకిచ్చారు. కానీ చాలా రోజులు బోర్డు ముందు నిలబడితే లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉండేది.

మొన్న పుట్టింటి నుంచి వస్తూ గుండుగొలను దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. పిల్లలతో కిక్కిరిసిన ఒక ఆటో నా ముందునుంచి వెళ్ళింది. వెనక వేలాడుతున్నట్టు కూచున్న అమ్మాయి నన్ను చూసి, "టీచర్ గారండీ!" అని అరిచి, చెయ్యి ఎత్తింది. ఆ వెనక బెంచీ అమ్మాయే.

కుడి చెయ్యి ఎత్తింది.

ఎడం చేత్తో ఆటో కడ్డీ పట్టుకుని ఉంది, అందుకే కుడిది ఎత్తిందేమో అని వెంటనే అనుమానం వచ్చింది నాకు. ఆటో మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ ఒక్కసారికి మాత్రం ఆ అనుమానాన్ని పోనిచ్చి, నేనూ చెయ్యి ఎత్తాను.