పక్క బల్లకు మారిన పిల్లలు

డబ్లిన్ శివారు టాలాలో హైస్కూల్లో చేరిన ఏడాది, క్యాంటీన్‌లో నేను కూర్చుంటే ఆ బల్ల దగ్గరి పిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయేవారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. నవ్వుకుంటూ ట్రేలు తీసుకుని పక్క బల్లకు మారేవారు, అంతే. కొన్నాళ్లకు తలుపు పక్కనున్న బల్ల నాలాంటి ఒంటిరంగు పిల్లలదైపోయింది. మేమంతా స్నేహితులమని టీచర్లు అనుకున్నారు.

తర్వాత ఒకరోజు లువాస్ ట్రామ్‌లో ఒక కుర్రాడు నా జడ పట్టి లాగి, "మీ దేశానికి పో" అన్నాడు. చుట్టూ అంతమంది ఉన్నారు. అందరూ ఫోన్లలోకి చూశారు. అప్పటినుంచి ట్రామ్ తలుపులు మూసుకుంటుంటే నాకు ఊపిరాడేది కాదు. స్కూల్లో తినడం మానేశాను. ఇంటికొచ్చి మెడ ఎర్రబడేదాకా సబ్బుతో రుద్దుకునేదాన్ని.

అమ్మ నర్సు. నా మెడ మీది పుండ్లు చూసి జీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఏమైందని అడిగితే, బాగానే ఉన్నానన్నట్టు, ఇక్కడివాళ్లలా "అయామ్ గ్రాండ్" అన్నాను. ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పాను.

బయటికొచ్చాక అమ్మ బస్‌స్టాప్‌లో కూలబడింది.

"మా ఊరి బళ్లో మా పేట పిల్లల్ని పెద్ద కులాలోళ్ల పిల్లలకి దూరంగా కూచోబెట్టేవోళ్లే. మంచినీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవోళ్లు. నీకా సంగతి తెలియకుండా పెంచుదామనే ఇంతదూరం వచ్చాను."

"నాకెందుకు చెప్పలేదు?" అని ఇంగ్లిషులో అడిగాను.

"చెప్తే నువ్వూ తలొంచుకుని తిరుగుతావని."

"ఐ డిడ్ ఎనీవే," అన్నాను. అమ్మ మొహం తిప్పుకుంది.

మర్నాడు అమ్మ స్కూలుకు వెళ్లింది. పిల్లలు తమకు నచ్చినచోట కూర్చుంటారని ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పి పంపేశాడు. డాక్టరమ్మ రాసిచ్చిన కౌన్సెలింగ్‌కు నెలల తర్వాత నా వంతు వచ్చేసరికి నేను స్కూలే మారిపోయాను.

ఇప్పుడు గాల్వేలో ఉద్యోగం చేస్తున్నాను. తోటివాళ్లు మంచివాళ్లే. అయినా భోజనం మధ్యలో ఫోను మోగి ఎవరైనా లేచి వెళ్తే చాలు, చేతిలో ముద్ద ప్లేట్లో పెట్టేస్తాను. మందులు వాడుతున్నాను. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. ఒక్కసారి నాతో రమ్మని అమ్మను అడిగితే, "నాకేం రోగమే?" అంది. పోయిన వారం మాత్రం చెప్పకుండానే డబ్లిన్ నుంచి వచ్చింది. కౌన్సెలర్ గదిలో గంటసేపు నా పక్కన కూర్చుంది. కోటు మాత్రం విప్పలేదు.